ఒక్క వార్నింగూ లేని ప్రోగ్రాం

సున్నా గారు అనగానే ఎవరో కొరగాని మనిషి అనుకునేరు. ఆ ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో అది బిరుదు. పదకొండేళ్ళ కిందట ఒక పందెం గెలిచి సంపాదించుకున్నాడు ఆయన. ఆ పందెం ఎలా గెలిచాడో తెలిసిన మనిషి భూమ్మీద ఒక్కడే ఉన్నాడు, అది కూడా ఆయనే.

వయసు యాభై ఏడు. రిటైర్మెంట్‌కి ఎనిమిది నెలలుంది. సన్నగా, నిటారుగా ఉంటాడు. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుంటాయి, అందులో ఒకటి రాయదు. ఆ రాయని పెన్ను వాదనలప్పుడు ఎదుటివాళ్ళ ముఖం ముందు ఆడించడానికి. ఆ పెన్ను జేబులోంచి బయటికొచ్చిందంటే టీ గదిలో కుర్చీలు దగ్గరికి జరిగేవి.

ఆ విభాగం మూడో అంతస్తులో, లిఫ్టు పక్కన ఉంది. ఎనిమిది కుర్చీలు, ఒకదానికి చెయ్యి లేదు. ఏసీ కింద నీళ్ళు కారకుండా ఒక బకెట్టు. వెనకాల చిన్న టీ గది, దాంట్లో ఒక తెల్లబోర్డు. ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఆ బోర్డు ముందు పంచాయితీ జరగాల్సిందే. లినక్స్ గొప్పదా, విండోస్ గొప్పదా? మౌస్ పట్టుకునేవాణ్ణి ప్రోగ్రామర్ అనొచ్చా? లైను మొదట్లో జాగా వదలాలంటే ట్యాబ్ ఒకసారి కొట్టాలా, స్పేస్ నాలుగుసార్లు కొట్టాలా? నవ్వకండి, ఈ చివరి దాని మీద ఇద్దరు పెద్దమనుషులు నెల్లాళ్ళు మాటలు మానేశారు. పక్కపక్కనే కూర్చుని, పక్కవాడికి చెప్పాల్సింది మూడోవాడికి చెప్పి పంపేవాళ్ళు.

సున్నా గారిది సీ భాష. ఆయన నెత్తిన పెట్టుకునే భాష అదొక్కటే, మిగతావన్నీ ఆయన దృష్టిలో పిల్లకాయల బొమ్మలు. ఆసుపత్రి బ్లడ్ బ్యాంక్ నడిచేది ఆ భాషలో ఆయన రాసిన ప్రోగ్రాం మీదే. ఎవరైనా రక్తం ఇవ్వగానే ఆ సంచీకి ఒక నంబరు వేసి, లేబుల్ కొట్టి, పరీక్షల ఫలితాలు ఆ నంబరు కింద దాచేది అదే.

ఇక పందెం సంగతి. అప్పట్లో అక్కడ గళ్ళచొక్కా అని ఒక జావా భాష వీరుడుండేవాడు. మనం రాసిన ప్రోగ్రాంని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ అనే సాధనం ఒకటుంటుంది. మార్చేటప్పుడు దానికి ఎక్కడైనా తేడాగా కనిపిస్తే వార్నింగ్ ఇస్తుంది, ఇక్కడ ప్రమాదం ఉంది చూసుకో అని. మామూలుగా సగం వార్నింగులు ఆపేసే ఉంచుతారు, ఆ గోల ఎవడు వింటాడని.

"సార్, మీది ప్రోగ్రాం కాదు, పేకమేడ. వార్నింగులన్నీ ఆన్ చేసి కంపైల్ చేయండి, వంద రాకపోతే నా పేరు మార్చుకుంటా" అన్నాడు గళ్ళచొక్కా, అందరి ముందూ.

"వందెందుకయ్యా, ఒక్కటొచ్చినా నేను ఇంక కీబోర్డ్ ముట్టుకోను. వచ్చే శుక్రవారం రా" అన్నాడు ఈయన, పెన్ను ఆడిస్తూ.

ఆ సాయంత్రం తలుపేసుకుని ఒంటరిగా కంపైల్ చేస్తే ముప్ఫై ఎనిమిది వచ్చాయి. వారం రోజులు కూర్చుని ముప్ఫై ఏడు సరిచేశాడు. చివరిది మొండికేసింది. సంచీ నంబరు దాచడానికి ప్రోగ్రాంలో ఆయన పెట్టిన డబ్బా చిన్నది. అరవై అయిదు వేల అయిదు వందల ముప్ఫై అయిదు దాకా పడుతుంది. అది దాటితే పాత స్కూటర్ మీటర్ తిరిగినట్టు మళ్ళీ సున్నా నుంచి మొదలు. డబ్బా పెద్దది చేయాలంటే పాత రికార్డులన్నీ కదపాలి. అంత టైము లేదు. రోజుకి పది సంచీలు, ఈ లెక్కన నిండడానికి పద్దెనిమిదేళ్ళు పడుతుంది, అప్పటికి నేనూ ఉండను, ఈ ప్రోగ్రామూ ఉండదు అనుకున్నాడు. ఫైలు పైభాగంలో ఒక లైను రాశాడు: ఈ రకం వార్నింగ్ చెప్పకు, అని. దాని పైన తన కోసం ఇంకో లైను రాసుకున్నాడు: తాత్కాలికం, తర్వాత సరిచేయాలి. తేదీ కూడా వేశాడు.

శుక్రవారం అందరి ముందూ కంపైల్ చేస్తే స్క్రీన్ మీద సున్నా వార్నింగులని పడింది. ఈలలు, చప్పట్లు. గళ్ళచొక్కా మొహం చూడాల్సింది. ఎవరూ ఫైలు తెరిచి చూడలేదు, చూడాలని ఎవరికీ తోచలేదు. ఆ రోజు నుంచి ఆయన సున్నా గారు. అంతేకాదు, ఆ గదిలో ఒక ఆనవాయితీ కూడా మొదలైంది. కొత్త ప్రోగ్రాం రాయాలంటే ఖాళీ ఫైలు తెరవకూడదు. సున్నా గారి ఫైలు కాపీ చేసుకుని, లోపలిదంతా చెరిపి, మనది రాసుకోవాలి. పై పది లైన్లు మాత్రం కదపకూడదు, అవి అచ్చొచ్చాయి. కొత్తగా ఎవరు చేరినా మొదటి రోజు చెప్పేది ఇదే. విన్నప్పుడల్లా ఆయనకి ఛాతీ రెండంగుళాలు పెరిగేది.

మూడేళ్ళ కిందట ఒకమ్మాయి చేరింది. ముప్ఫై ఏళ్ళుంటాయి, మాట తూటా. ఆమె రస్ట్ అనే కొత్త భాష మనిషి. రస్ట్ అంటే తుప్పు కదా, సున్నా గారు వెంటనే తుప్పమ్మ అని పేరు పెట్టేశాడు. ఆమె ఉడుక్కుంటుందని చూశారంతా. మర్నాడు తన టీ మగ్గు మీద అదే పేరు రాయించుకుని వచ్చింది.

"మీ భాష కత్తి చేతికిచ్చి పక్కకి తప్పుకుంటుంది సార్. నాది చెయ్యి తెగకముందే అరుస్తుంది" అనేది.

"కత్తి పట్టడం రానివాళ్ళకి కావాలమ్మా ఆ అరుపులు" అనేవాడు.

బ్లడ్ బ్యాంక్ ప్రోగ్రాంని మొత్తం కొత్తగా రాద్దామని ఆమె పట్టు. పాత రికార్డులన్నీ కొత్త చోటికి తరలించే ప్రోగ్రాం కూడా ఒకటి రాసి పెట్టుకుంది. దానికి సున్నా గారు "ఇల్లు మారే లారీ" అని పేరు పెట్టి బోలెడు నవ్వించాడు. రెండు నెలల కిందట పెద్ద డాక్టర్ల మీటింగ్‌లో ఆ విషయం తేల్చాల్సొస్తే, ఆయన లేచి నిలబడి ఒకే ఒక్క మాటన్నాడు: "పదకొండేళ్ళు. ఒక్క వార్నింగ్ లేదు." అంతే, కొత్త ప్రోగ్రాం సంగతి అటకెక్కింది. తుప్పమ్మ కాగితాలు సర్దుకుని బయటికెళ్ళిపోయింది. ఆ రాత్రి ఆయనకి హాయిగా నిద్రపట్టింది.

మంగళవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బ్లడ్ బ్యాంక్ అక్క పైకొచ్చింది. సీనియర్ టెక్నీషియన్ ఆవిడ. ఆయనకంటే అయిదేళ్ళు చిన్నదైనా ఆసుపత్రికంతటికీ అక్క కాబట్టి ఆయనకీ అక్కే. చేతిలో ఒక లేబుల్ ఉంది.

"సున్నా గారూ, మీ ప్రింటర్‌కి మెల్లకన్ను వచ్చింది. చూడండి ఎంత వంకరగా కొట్టిందో."

"మీరు ముద్దుచేసి పాడుచేశారక్కా దాన్ని" అంటూ నవ్వుతూ అందుకున్నాడు. అంతే, నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. లేబుల్ మీద నంబరు 65,011.

"ఇది... ఇవాళ్టిదేనా?"

"ఇప్పుడే కొట్టింది. ఏం?"

"ఏం లేదు. రోజుకి ఎన్నవుతున్నాయిప్పుడు?"

"కొత్త బిల్డింగ్ కలిసినప్పటి నుంచి నలభై అయిదుకి తగ్గట్లేదు. ఎందుకలా అయిపోయారు, ఒంట్లో బాలేదా?"

బాగానే ఉందని ఆవిణ్ణి పంపేసి కుర్చీలో కూలబడ్డాడు. రోజుకి పది అనుకున్న లెక్క ఎప్పుడు నలభై అయిదయిందో ఆయన చూసుకోనే లేదు. ఇంకా అయిదు వందల ఇరవై నాలుగు సంచీలు. పదకొండు రోజులు. ఫరవాలేదు, పదకొండు రోజుల్లో ఏదో ఒకటి చేయొచ్చు, మూడో కంటికి తెలియకుండా సర్దేయొచ్చు అని గుండె చిక్కబట్టుకున్నాడు. సాయంత్రం లిఫ్టులో దిగుతుంటే ఎదురుగా అద్దం మీద కొత్త పోస్టర్ అంటించి ఉంది. ఆదివారం రక్తదాన శిబిరం, నాలుగు వందల మంది దాతలు వస్తున్నారు, మీరూ రండి.

కింది అంతస్తు వచ్చి తలుపు తెరుచుకున్నా ఆయన దిగలేదు. లిఫ్టు మళ్ళీ ఆయన్ని పైకి తీసుకెళ్ళింది.

బుధవారం అందరూ భోజనానికి వెళ్ళాక తన మెషీన్ మీద రికార్డుల కాపీ ఒకటి పెట్టుకుని, నంబరుని చివరికంటా తోసి చూశాడు. 65,535 లేబుల్ బాగానే వచ్చింది. తర్వాతది 0. ఆ తర్వాతది 1. ఒకటో నంబరు లేబుల్ చేతిలోకి తీసుకుని చదివాడు. పందేనికి కూడా ముందెప్పుడో రక్తమిచ్చిన ఎవరిదో గ్రూపు వచ్చింది. దాని కింద చక్కటి అక్షరాలతో: పరీక్షలు పూర్తి, వాడవచ్చు.

సంచీలో ఉన్నది ఇవాళ ఎవరో ఇచ్చిన రక్తం, ఏ పరీక్షా చేయనిది. పైన ఉన్నది పాత మనిషి గ్రూపు, పాత మనిషి ఫలితాలు. తీరికున్నప్పుడు చేత్తో మరోసారి సరిపోల్చి చూస్తారు. తీరిక లేనప్పుడు? ప్రమాదంలో నుజ్జయి వచ్చిన మనిషికి, కాన్పులో రక్తం ఆగని ఆడమనిషికి, లేబుల్ చూసి ఎక్కించేస్తారు. అది చూసే కదా ఎక్కించాలి మరి!

డబ్బా పెద్దది చేసి చూశాడు. రికార్డులన్నీ పక్కకి జరిగిపోయాయి. ఒక దాత వయసు నాలుగు వేల ఏళ్ళని చూపించింది, మరొకరి గ్రూపు ఖాళీ. పాతవన్నీ జాగ్రత్తగా తరలించే ప్రోగ్రాం ఒకటి కావాలి. రాయాలంటే నెల పడుతుంది. అలాంటిది ఒకటి ఇప్పటికే రాసి, ఆర్నెల్లు పరీక్షించి, పక్క బల్ల మీద మగ్గు పెట్టుకుని కూర్చున్న మనిషుంది. ఇల్లు మారే లారీ. ఆ పేరు తలుచుకుంటే ఆయనకి తల కొట్టేసినట్టయింది.

పోనీ సొంతంగా ఏదో అతుకేద్దామన్నా కుదరదు. ఈ ఏడే పెట్టిన రూలు ప్రకారం ఆ విభాగంలో ఎవరు ఏ లైను మార్చినా రెండో మనిషి చదివి సంతకం పెట్టాలి. ఆయన మార్పులు చదివేది తుప్పమ్మే. ఫైలు తెరిస్తే పై లైనే కనిపిస్తుంది. తాత్కాలికం. పదకొండేళ్ళ నాటి తేదీ.

ఆ సాయంత్రం ఇంట్లో కంచం ముందు కూర్చుని అన్నం కలుపుతూనే ఉన్నాడు. భార్య బడిలో లెక్కల టీచర్. ఎదురుగా కూర్చుని జవాబు పత్రాలు దిద్దుతోంది.

"ఏమండీ, కలపడమేనా, తినేదేమైనా ఉందా?"

"ఏమోయ్, నువ్వెప్పుడైనా పిల్లలకి తప్పు లెక్క చెప్పావా?"

"బోలెడుసార్లు. మర్నాడు వెళ్ళి, నిన్న తప్పు చెప్పాన్రా, దిద్దుకోండి అంటాను."

"నవ్వరూ?"

"నవ్వుతారు. నవ్వితే నాదేం పోయింది, దిద్దుకుంటారుగా."

"మర్నాడు బడికి రానివాడు ఉంటే?"

ఆవిడ ఎర్ర పెన్ను కింద పెట్టి ఆయన్ని పరీక్షగా చూసింది. "వాడి గురించే నాకూ బెంగండీ. వాడు అదే రైటనుకుని పెద్దవాడైపోతాడు. అసలేమైంది మీకు?"

ఏం లేదన్నాడు. కంచంలో అన్నం అలాగే ఉండిపోయింది.

గురువారం ఆయన కాళ్ళు వాటంతటవే బ్లడ్ బ్యాంక్ వైపు నడిచాయి. నంబరు ఎంతయిందో చూడకుండా ఒక్క గంట కూర్చోలేకపోతున్నాడు. బయట బెంచీ మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో చల్లటి రక్తం సంచీ ఉన్న డబ్బా, చేతిలో చీటీ. ఆయన మెడలో కార్డు చూసి లేచింది.

"నాయనా, నువ్విక్కడివాడివేనా? ఈ చీటీ మీద నంబరూ, సంచీ మీద నంబరూ ఒకటే అవునో కాదో చూసుకోమన్నారు. నాకు కళ్ళానవు. లోపల మా కోడలికి ఆపరేషను. కాస్త చూసి పెడుదూ."

ఆయన వేలు పెట్టి ఒక్కో అంకె చదివాడు. రెండుసార్లు చదివాడు.

"ఒకటేనమ్మా."

"ఒకటే అయితే ఇంక భయం లేదు కదా నాయనా?"

"ఇవాళ లేదమ్మా" అన్నాడు. నోరు జారింది. ఆవిడ మొహం పాలిపోయింది. "అదేం మాట నాయనా, ఇవాళ లేదనడం?" అంది. ఏదో సర్ది చెప్పి, ఆవిణ్ణి వార్డు తలుపు దాకా దిగబెట్టి, మెట్ల కింద చీకట్లో గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. ఆదివారం ఇలాంటి ఆవిడే ఇంకొకావిడ ఇక్కడ కూర్చుంటుంది. నంబర్లు రెండూ ఒకటే ఉంటాయి. చూసి చెప్పినవాడు కూడా అబద్ధం చెప్పినట్టుండదు.

శుక్రవారం నాలుగింటికి టీ గది నిండిపోయింది. బోర్డు మీద ఎవరో ఆ వారం గొడవ రాసి పెట్టారు: నమ్మాల్సింది మనిషినా, కంపైలర్‌నా? ఎప్పటిలాగే సున్నా గారినే మొదట లేవమన్నారు. ఆయన లేచాడు. జేబులో చెయ్యి పెడితే రాయని పెన్ను తగిలింది, దాన్ని అక్కడే వదిలేసి బోర్డు పెన్ను తీసుకున్నాడు. బోర్డు మీద ఒక లైను రాశాడు. అక్షరాలు కిందికి జారాయి.

"ఈ లైను ఏం చేస్తుందో తెలుసా? కంపైలర్ నోరు నొక్కుతుంది. పదకొండేళ్ళ కిందట నేను పందెం గెలిచింది దీనితో. నా ప్రోగ్రాంలో వార్నింగ్ లేకపోలేదు. ఉంది. నేను చెప్పనివ్వలేదు."

గదంతా గొల్లుమంది. ఒకడు ఈల వేశాడు. "అబ్బ, ఏం మొదలుపెట్టారు సార్! కంపైలర్ వైపే వాదిస్తారా ఇవాళ?" అన్నాడింకొకడు. చప్పట్లు కూడా పడ్డాయి. నిజం చెప్పినా నమ్మనంతగా ఆడాడు ఇన్నేళ్ళూ, అదీ ఆయనకి తగిన శాస్తే.

తుప్పమ్మ ఒక్కతే నవ్వలేదు. ఆయన మొహం వైపే చూస్తోంది.

"సార్, అది ఏ వార్నింగ్?"

"సంచీ నంబరు పట్టే డబ్బా చిన్నదమ్మా."

"ఇప్పుడు నంబరెంత?"

"ఇందాక 65,158."

ఆమె మనసులో లెక్క వేసుకోవడం అందరికీ కనిపించింది. "ఆదివారం క్యాంపు ఉంది కదా సార్" అంది. మగ్గు బల్ల మీద పెట్టబోతే అంచుకి తగిలి టీ ఒలికింది, ఎవరూ తుడవలేదు. ఈలేసినవాడు నెమ్మదిగా కూర్చున్నాడు.

తిడుతుందనుకున్నాడు. రెండు నెలల కిందటి మీటింగ్ ఎత్తిపొడుస్తుందనుకున్నాడు. ఆమె కుర్చీ లాక్కుని తన లారీని తెరిచింది. "పదండి సార్, పాత రికార్డుల్లో ఏది ఎక్కడుందో మీరు చెప్తూ ఉండండి. మీకంటే ఎవరికి తెలుసు?" అంది. ఆ మాటకి ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

అక్కకి చెప్పడానికి మాత్రం ఆయనే దిగి వెళ్ళాడు. ఆవిడ గ్లవ్స్ తీసి, బల్ల మీద పెట్టి, మొత్తం వింది.

"అంటే ఇన్నాళ్ళూ నేను కళ్ళు మూసుకుని నమ్మింది..."

"ఇన్నాళ్ళదీ సరైనదే అక్కా. ఆదివారం నుంచి కాదు."

"మీరు చెప్పారు కాబట్టి సరిపోయింది. చెప్పకపోయుంటే?"

ఆయన తల దించుకున్నాడు. ఆవిడ ఫ్రిజ్‌లో రెండు అరలు ఖాళీ కాబట్టి క్యాంపు ఆపడానికి లేదని, ఆదివారం ప్రతి సంచీ మీదా చేత్తో కూడా నంబరు రాయిస్తానని, తను చెప్పేదాకా ఒక్క సంచీ గది దాటదని చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన వైపు చూడలేదు. అన్నేళ్ళలో మొదటిసారి ఆవిడ ఆయన్ని సున్నా గారూ అని పిలవలేదు.

శనివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇద్దరూ ఒకే స్క్రీన్ ముందు కూర్చున్నారు. రికార్డులన్నీ కొత్త డబ్బాల్లోకి మారాయి. మారినవి మారినట్టు సరిపోల్చి, మళ్ళీ సరిపోల్చారు. మూడుసార్లు అంతా బాగుందన్నాక కూడా ఆయన నాలుగోసారి అన్నాడు. ఆమె విసుక్కోలేదు.

ఆదివారం క్యాంపు హాల్లో పన్నెండు మంచాలు, గోడ పొడుగునా దాతల వరస. మధ్యాహ్నం మూడున్నరకి అక్క చెయ్యెత్తి వరస ఆపింది. 65,535 అయిపోయింది. తర్వాతి నంబరు తన రక్తానికే పడాలని సున్నా గారు ముందే బతిమాలుకున్నాడు. తప్పయితే తన సంచీ మీదే తప్పవ్వాలి, అది ఎవరి ఒంట్లోకీ వెళ్ళకూడదు.

మంచం మీద పడుకున్నాడు. సూది గుచ్చినప్పుడు నొప్పి తెలియలేదు. చెవులన్నీ ప్రింటర్ వైపే ఉన్నాయి. సంచీ నిండిన ఆ కాసేపూ గంటల్లా గడిచింది. తుప్పమ్మ మీట నొక్కింది. ప్రింటర్ గరగరమని ఆగింది, మళ్ళీ గరగరమంది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆ బెంచీ మీది పెద్దావిడ మొహమే కళ్ళ ముందు మెదిలింది.

అక్క లేబుల్ చింపి గట్టిగా చదివింది. "అరవై అయిదు వేల అయిదు వందల ముప్ఫై ఆరు. గ్రూపు రాలేదు. పరీక్షలు కాలేదు. వాడరాదు."

"మళ్ళీ చదవండక్కా."

"వాడరాదు" అంది ఆవిడ, ఈసారి కాస్త మెత్తగా.

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. పడుకునే ఏడ్చేశాడు, కన్నీళ్ళు చెవుల్లోకి కారాయి. రక్తమిచ్చి ఏడుస్తున్న ముసలాయన్ని చూసి వరసలో ఉన్న కుర్రాళ్ళు కంగారుపడ్డారు. వాళ్ళకి బిస్కెట్లు ఇస్తున్నామె "నొప్పెట్టి కాదులెండి" అని సర్దిచెప్పింది.

సోమవారం పొద్దున్నే వచ్చి తన బల్ల సొరుగు ఖాళీ చేద్దామనుకున్నాడు. ఎనిమిది నెలలెందుకు, ఇప్పుడే వెళ్ళిపోతానని ఉత్తరం రాసి తెచ్చాడు. భార్యకి మొత్తం చెప్పేశాడు కూడా. ఆవిడ అంతా విని "మరి దిద్దారుగా" అంది. ఆ మాట పట్టుకునే మెట్లెక్కాడు.

తుప్పమ్మ అప్పటికే వచ్చి ఉంది. ఆయన కుర్చీలోనే కూర్చుంది. మగ్గులో టీ చల్లారిపోయి మీగడ కట్టింది.

"నువ్వే గెలిచావమ్మా, ఒప్పుకుంటున్నాను. శుక్రవారం బోర్డు మీద కూడా రాస్తాను" అన్నాడు, ఉత్తరం చేత్తో పట్టుకుని.

"గెలుపు సంగతి తర్వాత సార్. ముందిలా కూర్చోండి." ఆమె స్క్రీన్ ఆయన వైపు తిప్పింది. "మీ ఫైల్లోంచి ఆ నోరు నొక్కే లైను తీసేద్దామని వెతికాను. మీ ఒక్క ఫైల్లో అనుకుని. వెతికేది పొరపాటున అన్ని ప్రోగ్రాములకీ కలిపి పెట్టాను."

స్క్రీన్ మీద పైనుంచి కిందిదాకా ఫైళ్ళ పేర్లు. నలభై ఒకటి. ప్రతి పేరు పక్కనా అదే లైను. దాని పైన అవే మాటలు: తాత్కాలికం, తర్వాత సరిచేయాలి. ప్రతిదాని మీదా ఒకటే తేదీ, ఆయన వేసిన తేదీ. ఆపరేషన్ల పట్టిక. మందుల మోతాదు. ఆక్సిజన్ సిలిండర్ల లెక్క. పసిపిల్లల వార్డులో బరువులు.

"ఇవన్నీ నేను రాయలేదమ్మా" అన్నాడు.

"మీరు రాయలేదు సార్." ఆమె పదిహేడో పేరు మీద వేలు పెట్టింది. "ఇది నాది. చేరిన వారంలో రాశాను, మీ ఫైలు కాపీ చేసుకుని. పై పది లైన్లు కదపొద్దన్నారు. కదపలేదు. చదవను కూడా లేదు."

"ఎవరన్నారు?"

"అందరూ."

ఆయన నలభై ఒక్క పేర్లూ చదివాడు. ఎక్కడ ఏ డబ్బా ఎంత చిన్నదో, ఏది ఎప్పుడు నిండుతుందో, ఏది ఇప్పటికే నిండిపోయిందో ఆయనకి తెలియదు. రాసినవాళ్ళలో సగం మంది మానేసి ఎక్కడెక్కడికో వెళ్ళిపోయారు. మర్నాడు బడికి రాని పిల్లలు. చేతిలో ఉత్తరం ఎప్పుడు నలిగిపోయిందో ఆయన చూసుకోలేదు.

చెయ్యి లేని కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"ముందు పసిపిల్లలది తెరువమ్మా" అన్నాడు.

ఆమె తెరిచింది. లైను చెరపమని కీబోర్డ్ ఆయన వైపు జరిపింది. ఆయన వేళ్ళు రెండుసార్లు తప్పు మీట మీద పడ్డాయి. మూడోసారి ఆమె ఆయన చేతి మీద చెయ్యి వేసి, ఇద్దరూ కలిసి చెరిపారు. వార్నింగులన్నీ ఆన్ చేసి కంపైల్ నొక్కింది.

ఒక క్షణం ఏమీ రాలేదు. తర్వాత మొదటి వార్నింగ్ వచ్చింది. దాని కింద ఇంకొకటి. ఇంకొకటి. స్క్రీన్ నిండి, పైకి జరిగి, మళ్ళీ నిండింది. ఆయన లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.